కనకాంబరం పెంచాలంటే గింజ పేలనివ్వండి

కనకాంబరం కోసం నర్సరీకి పరిగెత్తక్కర్లేదు, తెలిసినవాళ్ల పెరట్లో చెట్టు ఉంటే బాగా ఎండిన కంకులు నాలుగు అడిగి తెచ్చుకోండి చాలు. వాటిని గిన్నెలో నీళ్లు పోసి అందులో వేసి, పైన పల్చటి గుడ్డ కప్పండి. గుడ్డ మాత్రం మర్చిపోకండి. తడి తగిలిన కాసేపటికి కాయలు టప్ టప్‌మని పేలి గింజలు చిమ్ముకుంటాయి. మొదటిసారి నేను గుడ్డ లేకుండా వంటింటి గట్టు మీద పెట్టి, ఆ తర్వాత స్టవ్ కింద చీపురు పెట్టి గింజలు ఏరుకున్నాను.

గింజల్ని మెత్తటి మట్టిలో పైపైన చల్లి పల్చగా కప్పితే రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. నారు ఆరేడు ఆకులు వేశాక కుండీలోకి మార్చండి. ఢిల్లీ కనకాంబరం అని అమ్మే రకం మాత్రం గింజ కట్టదు, దాన్ని కొమ్మ గుచ్చే పెంచుకోవాలి.

మట్టిలో పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపితే సరిపోతుంది. సగం రోజు ఎండ తగిలినా పూస్తుంది. నీళ్లే అసలు టెన్షన్: కుండీలో నీరు నిలిచిందా, వేరు కుళ్లి మొక్క నిలువునా వాడిపోతుంది. అది చూసి దాహమేమో అనుకుని ఇంకో చెంబు పోస్తాం, అంతే సంగతులు! నీళ్లు సరిగ్గానే ఉన్నా ఆకులు పసుపెక్కి మొక్క గిడసబారితే ఒకదాన్ని పీకి వేళ్లు చూడండి. పూసలు గుచ్చినట్టు బుడిపెలుంటే అది మట్టిలో ఉండే నులిపురుగుల పని, అవి కనకాంబరానికి పెద్ద శత్రువు. ఆ మట్టిలో మళ్లీ కనకాంబరం పెట్టకండి, ఒక పంటకాలం బంతి మొక్కలు వేస్తే పురుగు తగ్గుతుంది.

పూలు కంకికి కింది నుంచి పైకి విచ్చుకుంటూ వస్తాయి కాబట్టి రోజు విడిచి రోజు, పొద్దున్నే కోయండి. కంకిని ముట్టుకోకుండా పువ్వును మాత్రం లాగితే వచ్చేస్తుంది. వాసన లేదని వంక పెడతారు గానీ, మల్లెలు సాయంత్రానికే నల్లబడితే ఇవి మర్నాడూ జడలో అలాగే ఉంటాయి, మధ్యమధ్య మరువం కడితే వాసన లోటూ తీరుతుంది.

పూత అయిపోయిన కంకుల్ని తుంచేస్తుంటే పక్క కొమ్మలొచ్చి మళ్లీ పూస్తాయి. అన్నీ తుంచకుండా రెండు మూడు వదిలేయండి, వాన పడగానే వాటంతట అవే పేలతాయి. మా మెట్ల సందులో ఉన్న రెండు మొక్కలూ అలా వచ్చినవే, నేను పెట్టలేదు.