నాణేల సేకర్తల బృందం దారి తప్పితే: సమస్య - పరిష్కారం

తిరుపతిలో నెలకోసారి ఆదివారం కలుసుకునే పాత నాణేల బృందానికి నాలుగు బల్లలు, రెండు భూతద్దాలు, ఫ్లాస్కు నిండా కాఫీ ఉంటే చాలనిపిస్తుంది. కానీ కొన్నాళ్లకు కొత్త ముఖాలు తగ్గుతాయి, పాతవాళ్ల మాటల్లో నాణేలు తగ్గుతాయి. ఏది ఎందుకు జరుగుతుందో, ఏం చేస్తే కుదురుకుంటుందో ఇక్కడ చెబుతున్నాను.

సమస్య: కొత్తవారు ఒకసారి వచ్చి మళ్లీ రావడం లేదు

కారణం చాలాసార్లు ఒకటే, మనం నవ్వడం. కొత్తగా వచ్చినవారి జేబులో ఉండేది వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లో, 786 అంకె ఉన్న నోటో. దానికి లక్షలు పలుకుతుందని ఎవరో వీడియోలో చెప్పి ఉంటారు. పాతవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. "ఇది టీ కొట్టులో చిల్లరగా ఇస్తారు నాయనా" అని ఎవరో ఒకరు అనేస్తారు. అన్నది అబద్ధం కాదు, కానీ ఆ కుర్రవాడు ఇక రాడు.

పరిష్కారం: ధర మాట ఎత్తకముందే భూతద్దం చేతికివ్వండి. సంవత్సరం అంకెల కింద ఏముందో చూడమనండి. వజ్రం గుర్తుంటే ముంబయి టంకశాల, నక్షత్రమైతే హైదరాబాద్, గుండ్రటి చుక్కయితే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఇది తెలిసిన మరుక్షణం జేబులోని చిల్లరంతా బల్ల మీద కుమ్మరించి వెతకడం మొదలుపెడతారు. ఆ ఉత్సాహంలో ఉన్నప్పుడు చెప్పండి, ఆ వైష్ణోదేవి బిళ్ల 2012లో వచ్చిన స్మారక నాణెమని, ఇప్పటికీ చిల్లరలో దొరుకుతుందని. అప్పుడు ఆ మాట అంతగా గుచ్చుకోదు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని రుసుములు గుంజేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లో హెచ్చరించిన సంగతి కూడా అప్పుడే చెవిన వేయండి.

నాణేన్ని చింతపండుతో తళతళలాడేలా తోమి తెచ్చినవారినీ కసరకండి. తోమని నాణెం ఒకటి పక్కన పెట్టి, తోమితే ఏం పోతుందో చూపించండి. మళ్లీ తోమరు.

సమస్య: మూల బల్ల దగ్గర గుసగుసలు, కోట్ల మాటలు

కారణం: రైస్ పుల్లింగ్ బేరగాళ్లు. బియ్యపు గింజలను లాక్కునే మహిమ గల నాణెం ఉందని, కొనే పార్టీ సిద్ధంగా ఉందని, పరీక్షకు ముందుగా కొంత కట్టాలని చెబుతారు. వాళ్ల చేతిలో సాధారణంగా 1818 సంవత్సరం, ఈస్టిండియా కంపెనీ పేరు, సీతారాములో హనుమంతుడో ఉన్న రాగి అణా బిళ్ల ఉంటుంది.

పరిష్కారం: ఆ బిళ్ల కంపెనీ ముద్రించినది కాదని అందరి ముందూ చెప్పండి. కంపెనీ తన ప్రాంతాలన్నిటికీ ఒకే రకం నాణేలు తెచ్చింది 1835లో. వాటి మీద రాముడూ లేడు, హనుమంతుడూ లేడు. అప్పుడు తెలివైనవాడు ఒక ఎదురు ప్రశ్న వేస్తాడు: "మద్రాసులో కంపెనీ వేయించిన పగోడా నాణేల మీద మన వేంకటేశ్వరుడు, దేవేరులు లేరా?" ఉన్నారు. కానీ అవి చిన్న బంగారు నాణేలు, ఈ రాగి బిళ్లకు వాటితో చుట్టరికం లేదు. నిజంగా అడిగినవారికి ఈ తేడా ఓపికగా వివరించండి. వ్యాపారానికి వచ్చినవాడికి మాత్రం గుమ్మం చూపించండి. ఇక్కడ మొహమాటం పనికిరాదు, రేపు మోసపోయేది పక్క కుర్చీలో కూర్చున్న విశ్రాంత ఉద్యోగి.

సమస్య: ఏ నాణెం తీసినా "ఎంత పలుకుతుంది?"

కారణం: సేకర్తలూ వ్యాపారులూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం. వ్యాపారులను వెళ్లగొట్టకండి, నకిలీని పట్టే చూపు వాళ్లకే ఉంటుంది. కొనుగోళ్లకు చివరి అరగంట కేటాయించి, మొదటి గంట ఒక్క నాణేనికే ఇవ్వండి. ఉదాహరణకు 1911 నాటి అయిదో జార్జి చక్రవర్తి రూపాయి. చక్రవర్తి వస్త్రం మీది ఏనుగు తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపిస్తోందని గొడవ లేచింది. మరుసటి ఏడాదికి ఆ బొమ్మ సరిదిద్దారు. ఆ రెండేళ్ల రూపాయి నాణేలనూ పక్కపక్కన పెడితే గంటసేపు ఎవరికీ ధర గుర్తురాదు.

సమస్య: దర్శనం టికెట్ల వాకబు

తిరుపతిలో ఏ బృందానికైనా ఇది తప్పదు. పై ఊరి సభ్యుడు వస్తూనే సిఫారసు లేఖ అడుగుతాడు. కాఫీ వేళకు వాయిదా వేయండి, అంతే.

సమస్య: "పొలంలో దొరికింది" అంటూ మట్టి అంటిన నాణేలు

చంద్రగిరి చుట్టుపక్కల నుంచి ఇలాంటివి వస్తే అందరూ ఎగబడతారు. విజయనగర కాలపు వరహాలేమోనన్న ఆశ. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ఈ సంగతి తెలియక తెచ్చినవారిని దొంగను చూసినట్టు చూస్తే, రెండోసారి నాణేలు నేరుగా కంసాలి కొలిమికి పోతాయి. బల్ల మీద బేరం జరగనివ్వకండి. కడగవద్దని, దొరికిన చోటు మళ్లీ తవ్వవద్దని చెప్పండి. మర్నాడు కలెక్టరు కార్యాలయానికి సభ్యుల్లో ఒకరు తోడు వెళ్లండి.