మొదటి క్యారెక్టర్‌కి ఏ క్లాస్ తీసుకోవాలి?

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒక్కొక్కరు ఒక్కో క్యారెక్టర్‌ని నడిపిస్తూ, డైస్ (పాచికలు) వేస్తూ కలిసి ఆడే కథల ఆట; క్లాస్ అంటే ఆ క్యారెక్టర్ వృత్తి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరూ ముందు అడిగేది ఇదే. పుస్తకంలో బొమ్మ బాగుందనో, అన్నిటికన్నా పవర్‌ఫుల్ అని ఎవరో చెప్పారనో తీసుకుంటే రెండో వారానికే విసుగొస్తుంది. ఐదుగురు కూర్చుని నాలుగు గంటలు ఆడితే, ఫైట్‌లో మీ టర్న్ వచ్చేది కొద్దిసార్లే. అప్పుడు మీరు చేసే పని మీకు నచ్చాలి. నేనైతే క్లాస్‌ని అలాగే ఎంచుకోమంటాను.

2014 రూల్స్ పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో 12 క్లాసులున్నాయి, 2024లో సవరించిన దాంట్లోనూ అవే 12. అన్నీ ఒకేసారి చదివితే బుర్ర వేడెక్కుతుంది, చదవకండి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటని తెచ్చినప్పుడు ఉన్నవి మూడే: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. తర్వాతి ఏడాది వాటికి థీఫ్ తోడయ్యాడు. ఇప్పుడు మనం ఫైటర్, విజార్డ్, క్లెరిక్, రోగ్ అంటున్నవి ఆ నాలుగే. ఉచితంగా దొరికే 2014 బేసిక్ రూల్స్‌లో కూడా ఈ నాలుగే ఉంటాయి కాబట్టి రూపాయి ఖర్చు లేకుండా వీటితో మొదలుపెట్టొచ్చు. కింద చెప్పే అంకెలన్నీ 2014 రూల్స్‌వి.

ఫైటర్ బోర్ అంటారు, నేను ఒప్పుకోను. గుర్తుపెట్టుకోవాల్సినవి తక్కువ కాబట్టి టేబుల్ మీద ఏం జరుగుతోందో పూర్తిగా వినగలుగుతారు, కొత్తవాళ్లకి అదే పెద్ద లాభం. రెండో లెవెల్లో యాక్షన్ సర్జ్ వస్తుంది, అంటే రెస్ట్‌కి (ఆటలో తీసుకునే విశ్రాంతికి) ఒకసారి ఒకే టర్న్‌లో ఇంకో యాక్షన్ (కొట్టడంలాంటి ప్రధాన పని). దాన్ని ఎప్పుడు వాడాలా అని ఎదురుచూడటంలోనే సగం మజా ఉంది.

రోగ్ విషయంలో కొత్తవాళ్లు ఒక తప్పు తప్పకుండా చేస్తారు. స్నీక్ అటాక్ అన్న పేరు చూసి, ప్రతిసారీ ఎక్కడో దాక్కుని కొట్టాలనుకుంటారు, సగం టర్న్‌లు దానికే పోతాయి. అంత అవసరం లేదు. మీరు కొట్టబోయేవాడికి 5 అడుగుల లోపు మీవాళ్లెవరైనా స్పృహతో నిలబడి ఉండి, మీకు డిస్అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాల్సిన పరిస్థితి) లేకపోతే చాలు, బాకుతోనో విల్లుతోనో తగిలిన దెబ్బకి టర్న్‌కి ఒకసారి అదనంగా ఒక డీ6 (ఆరు ముఖాల పాచిక) వేసుకోవచ్చు. మూడో లెవెల్‌కి అవి రెండవుతాయి, ఐదుకి మూడు. రెండో లెవెల్లో కన్నింగ్ యాక్షన్ వచ్చాక ఆట ఇంకా బాగుంటుంది: ఫైటర్ పక్కకి వెళ్లి పొడవండి, బోనస్ యాక్షన్‌తో (యాక్షన్ కాక అదే టర్న్‌లో చేసే చిన్న పనితో) డిస్ఎంగేజ్ చేసి, అంటే దెబ్బ తినకుండా తప్పుకుని, వాడు తిరిగి కొట్టేలోపు వెనక్కి వచ్చేయండి. ఈ రావడం పోవడం నచ్చేవాళ్లకి రోగ్‌ని మించింది లేదు.

విజార్డ్‌కి చదివే ఓపిక కావాలి. మొదటి లెవెల్లో విజార్డ్ మంత్రాల పుస్తకంలో ఆరు స్పెల్స్ ఉంటాయి కానీ స్లాట్లు (స్పెల్ వేసినప్పుడు ఖర్చయ్యేవి) రెండే. ఆరూ దెబ్బకొట్టేవే తీసుకోకండి. స్లీప్ తీసుకోండి. ఐదు డీ8లు వేస్తారు, సగటున 22 పైనే వస్తుంది, అన్ని హిట్ పాయింట్ల (ప్రాణబలం) మేరకు శత్రువులు నిద్రపోతారు. గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడికి 7 హిట్ పాయింట్లు, అంటే ముగ్గురు ఒకేసారి నిద్రలోకి జారుకుంటారు. ఈ నాలుగు క్లాసుల్లో మొదటి లెవెల్లో ఇంకెవరూ చేయలేని పని ఇది.

ఇక నాకు ప్రాణమైన క్లాస్ క్లెరిక్. కట్లు కట్టే డ్యూటీ అనుకుని ఎవరూ తీసుకోరు, చివరికి ఆలస్యంగా వచ్చినవాళ్లకి అంటగడతారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఒక ఆటలో మా ఫైటర్ హిట్ పాయింట్లు సున్నాకి వచ్చి పడిపోయాడు, రెండు డెత్ సేవ్‌లు (చావు తప్పించుకోవడానికి వేసే పాచికలు) ఫెయిల్, మూడోది పోతే మనిషి పోయినట్టే. నా క్లెరిక్ 40 అడుగుల దూరంలో ఉన్నాడు. హీలింగ్ వర్డ్ అనే గాయం మాన్పే స్పెల్ 60 అడుగుల దాకా పనిచేస్తుంది, పైగా బోనస్ యాక్షనే. డీ4 వేస్తే ఒకటి పడింది, విజ్డమ్ మూడు కలిపితే నాలుగు. నాలుగే! కానీ ఫైటర్ లేచాడు, వెంటనే తన టర్న్, ఎదురుగా ఉన్న ఓర్క్‌ని పడగొట్టేశాడు. అతన్ని లేపిన నా టర్న్‌లో నా యాక్షన్ ఇంకా అలాగే ఉంది కాబట్టి సేక్రెడ్ ఫ్లేమ్ అనే క్యాంట్రిప్ (స్లాట్ ఖర్చవని స్పెల్) కూడా వేశాను. బోనస్ యాక్షన్‌తో స్పెల్ వేస్తే ఆ టర్న్‌లో యాక్షన్‌తో క్యాంట్రిప్ మాత్రమే వేయొచ్చు, అది మర్చిపోవద్దు. చిన్న చిన్న గాయాలకి స్లాట్లు ఖర్చుపెట్టకండి, ఎవరైనా పడినప్పుడు లేపండి, మిగతా టైమంతా మీరూ కొట్టండి. ఏ డొమైన్ (క్లెరిక్‌లో ఎంచుకునే విభాగం) తీసుకోవాలో తెలియకపోతే లైఫ్ తీసుకోండి, హెవీ ఆర్మర్ కూడా వస్తుంది.

మిగతావాటిలో బార్బేరియన్ సులువు: కోపం తెచ్చుకుంటే మామూలు ఆయుధాల దెబ్బ సగమే తగులుతుంది, ఆ కోపంలో స్పెల్స్ మాత్రం కుదరవు. పాలడిన్ నాకు రెండో ఇష్టం, ఎందుకంటే దెబ్బ తగిలాక డివైన్ స్మైట్ (స్లాట్ ఖర్చుపెట్టి వేసే అదనపు దెబ్బ) వేయాలా వద్దా నిర్ణయించుకోవచ్చు, కొట్టడానికి వేసే 20 ముఖాల పాచిక మీద 20 పడినప్పుడు వేస్తే రెండు డీ8లు నాలుగవుతాయి. వార్లాక్ స్లాట్లు షార్ట్ రెస్ట్‌తో (చిన్న విశ్రాంతితో) తిరిగొస్తాయి కాబట్టి, మీ డీఎం (ఆట నడిపే డంజియన్ మాస్టర్) షార్ట్ రెస్ట్‌లు ఇస్తారో లేదో ముందే అడగండి. డ్రూయిడ్ జంతువుగా మారతాడు కాబట్టి ఆ జంతువుల లెక్కలన్నీ దగ్గర పెట్టుకోవాలి, మొదటిసారికి వద్దంటాను.

ఇంకా తేలకపోతే ఒక పని చేయండి. కాగితం మీద ఒక గోబ్లిన్‌ని పెట్టుకోండి, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే కనీసం రావాల్సిన అంకె) 15, హిట్ పాయింట్లు 7. మీకు నచ్చిన రెండు మూడు క్లాసులతో దాని మీద మూడేసి టర్న్‌లు ఆడండి, డైస్ నిజంగా వేయండి. ఏది వేస్తున్నప్పుడు ఇంకో టర్న్ ఉంటే బాగుండు అనిపించిందో అదే తీసుకోండి. స్టాండర్డ్ ఎరేలోని (ఎబిలిటీలకి పంచుకోమని రూల్స్ ఇచ్చే అంకెల వరుసలోని) 15ని ఆ క్లాస్ ప్రధాన ఎబిలిటీకి పెట్టండి: రోగ్‌కి డెక్స్‌టెరిటీ, విజార్డ్‌కి ఇంటెలిజెన్స్, క్లెరిక్‌కి విజ్డమ్, ఫైటర్‌కి స్ట్రెంగ్త్ లేదా డెక్స్‌టెరిటీ. 14 కాన్‌స్టిట్యూషన్‌కి (ఒంటి గట్టితనానికి) పెడితే ఒక్క దెబ్బకే పడిపోతామేమోనన్న టెన్షన్ తగ్గుతుంది.

పార్టీలో హీలర్ లేడు, నువ్వే అవ్వాలి అని ఎవరైనా అంటే, ఇష్టం లేకపోతే వద్దని చెప్పండి. హీలింగ్ పోషన్లు కొనుక్కోవచ్చు, హీలింగ్ లేని పార్టీకి తగ్గట్టు ఫైట్లు పెట్టడం డీఎంకి పెద్ద కష్టం కాదు. అలాగే మూడో లెవెల్ లోపు నచ్చకపోతే క్లాస్ మార్చుకోనిస్తారా అని మొదటి సెషన్‌కి ముందే డీఎంని అడిగి ఉంచుకోండి.