ఆటుకు నీళ్లుండని తీరంలో చిన్న తెరచాప పడవ

ఆటు సమయంలో నీళ్లు పూర్తిగా వెనక్కి పోయే తీరంలో చిన్న తెరచాప పడవ ఉంచేవాళ్లకు ఒక మాట. ఇసుక మీద కుదురుగా కూర్చున్నాక పడవకేమీ కాదు. దెబ్బ తగిలేది నేల తాకేటప్పుడు, మళ్లీ తేలేటప్పుడు. ఆ కాసేపు చిన్న అల వచ్చినా అడుగు నేలకేసి కొట్టుకుంటూనే ఉంటుంది. అందుకే అలల తాకిడి తక్కువుండే మూల చూసుకోండి.

నీళ్లు లేనప్పుడు నడిచి వెళ్లి, పడవ కూర్చునే చోటంతా కాలితో తడిమి చూడండి. రాళ్లుంటే ఏరేయండి. అన్నిటికన్నా జాగ్రత్త మీ లంగరుతోనే! దాని కొక్కెం పైకి ఉంటే పడవ వచ్చి దాని మీదే కూర్చుంటుంది, అడుగు చిల్లు పడుతుంది. నేను ముందొకటి, వెనకొకటి రెండు లంగర్లు వేసి, ఇసుకలో పూర్తిగా పూడ్చేస్తాను. అప్పుడు పడవ అటూ ఇటూ తిరగదు, ప్రతిసారీ మనం చూసి పెట్టిన చోటే దిగుతుంది. తాడు పొడవు మాత్రం పెద్ద పోటు నీటిమట్టానికి సరిపోవాలి.

చుక్కాని, సెంటర్‌బోర్డు (పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక) ఎత్తి ఉంచండి. ఒకే లోతైన కీల్ (పడవ అడుగు నుంచి కిందికి పొడుచుకొచ్చే రెక్కలాంటి భాగం) ఉన్న పడవ ఇలాంటి చోట పక్కకు ఒరిగిపోతుంది. జంట కీల్ ఉన్నదైతే నిటారుగా నిలబడుతుంది.

ఇంకోటి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా ఎత్తుకు వస్తుంది. అప్పుడు పడవను మరీ పైన వదిలేస్తే, అంత నీళ్లు మళ్లీ రావడానికి దాదాపు రెండు వారాలు ఆగాలి. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, నిన్నటి టైమ్ నమ్ముకుని బయలుదేరకండి.