కామిక్ స్ట్రిప్‌కి అభిమాన వెబ్‌సైట్ నడపడం ఎలా? ముందు తేదీలు చూసుకోండి

డొమైన్ పేరు, రంగులు, లోగో అంటూ నెల రోజులు తల బద్దలు కొట్టుకోకండి. నమ్మకంగా నడిచే హోస్టింగ్ ఏదైనా చాలు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల అక్షరాలు, అంతే. పేజీ తెరవగానే పాట మోగకూడదు. స్ప్రెడ్‌షీట్, స్కానర్, భూతద్దం ఉంటే సామాను పూర్తయినట్టే.

తర్వాత, ఏం పెట్టాలి? చాలామంది స్ట్రిప్‌లన్నీ స్కాన్ చేసి ఎక్కించేస్తారు. ఆ బొమ్మలు మనవి కావు. హక్కులు గీసినవాళ్ళవో, పంపిణీ చేసే సిండికేట్‌వో అయి ఉంటాయి. నోటీసు వచ్చిన రోజున మీ కష్టమంతా పోతుంది. టీషర్టులు అమ్మే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. 'కాల్విన్ అండ్ హాబ్స్' స్ట్రిప్ గీసిన బిల్ వాటర్సన్ తన పాత్రలను అలాంటి సరుకు మీద వేయనివ్వనని సిండికేట్‌తో ఏళ్ళ తరబడి పోట్లాడాడు. అభిమానులమని చెప్పుకుంటూ ఆ పని మనం చేస్తామా?

మీరు తయారు చేయాల్సింది పట్టిక. తేదీ, పాత్రలు, ఏం జరిగిందో ఒక్క వాక్యం, వెతకడానికి నాలుగు మాటలు. 'ఆ జోకు ఎప్పుడొచ్చింది?' అని వచ్చినవాళ్ళకి జవాబు దొరకాలి, బొమ్మ కోసం అధికారిక సైట్‌కి లింకు ఉండాలి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలోనే రాయండి: 1985-11-18. అప్పుడు కంప్యూటరే వరసలో పెట్టేస్తుంది. కొందరు పాత్రల పేర్లతో విడివిడిగా పేజీలు కడతారు. నలుగురున్న స్ట్రిప్‌ని ఏ పేజీలో పెడతారో వాళ్ళకే తెలియాలి.

ఇక అందరూ బోల్తా పడేది తేదీ దగ్గరే.

స్ట్రిప్‌లో బొమ్మల గడుల మధ్య సందులో చీమ తలంత అక్షరాలతో 7-4 అని ఉంటుంది. అమెరికన్ స్ట్రిప్‌లో నెల ముందు, రోజు తర్వాత. అంటే జూలై 4, ఏప్రిల్ 7 కాదు. మొదట్లో నేను తిరగేసి చదివి రెండు వందలకు పైగా ఎంట్రీలు తప్పు రాశాను. 11-18 లాంటివి వాటంతటవే దొరికిపోతాయి, పద్దెనిమిదో నెల లేదు కదా. రెండు అంకెలూ 12 లోపు ఉన్నవే ముంచుతాయి.

చాలాసార్లు అక్కడ సంవత్సరం ఉండదు. పక్కనే కాపీరైట్ రాసిన లైన్‌లో ఉంటుంది, భూతద్దం అందుకే. అదీ చెరిగిపోతే క్యాలెండర్ తీయండి. కాల్విన్ 1985 నవంబర్ 18, సోమవారం మొదలై 1995 డిసెంబర్ 31న ఆగింది. 11-18 అని ఉన్న మామూలు రోజు (ఆదివారం కాని) స్ట్రిప్ దొరికిందనుకోండి. 1990లో ఆ తేదీ ఆదివారం, కాబట్టి అది కాదు. 1991లో, 1994లో ఆ తేదీకి వాటర్సన్ సెలవులో ఉన్నాడు, అవీ కావు. పదకొండేళ్ళలో ఎనిమిది మిగిలాయి. ఇప్పుడు కథ చూడండి. సోమవారం మొదలై వారం పాటు సాగే కథలో ఇది రెండో రోజుదైతే మంగళవారం, అంటే 1986. అదే పెద్ద ఆదివారం స్ట్రిప్ అయితే లెక్కే అక్కర్లేదు, 1990 ఒక్కటే కుదురుతుంది.

పేపర్ కటింగ్ మీది తేదీని మాత్రం నమ్మకండి. అది పేపర్ తేదీ, స్ట్రిప్‌ది కాదు. వాటర్సన్ సెలవులో ఉన్న నెలల్లో పేపర్లు పాత స్ట్రిప్‌లే మళ్ళీ వేశాయి. 1991 ఆగస్టు కటింగ్ చూసి 'కొత్తది దొరికింది' అని గంతులేసినవాళ్ళని చూశాను.

'పీనట్స్' అనే స్ట్రిప్ అభిమానులకీ ఇలాంటి పరీక్ష ఒకటుంది. 1950 అక్టోబర్ 2న మొదలైనా, ఆదివారం స్ట్రిప్ 1952 జనవరి 6న గానీ రాలేదు. అంతకు ముందు ఆదివారం తేదీ ఏదైనా మీ షీట్‌లో ఉంటే అది తప్పే. మొత్తం 17,897 స్ట్రిప్‌లు, చేత్తో ఒక్కొక్కటీ చూడలేరు. వారం పేరు చూపించే ఫార్ములా పెట్టుకుని వడకట్టండి.

ఆదివారం వాటితో ఇంకో తంటా. చోటు మిగుల్చుకోవడానికి చాలా పేపర్లు పై వరస గడులు తీసేసేవి. మీ కటింగ్‌లో లేనంత మాత్రాన ఆ గడి లేదని రాసేయకండి. స్ట్రిప్‌లను కలిపి వేసిన పుస్తకంతో పోల్చి చూడండి.

ఎంత చూసినా తేదీ తేలకపోతే మీ పట్టికలో ఆ చోటు ఖాళీగా వదిలేయండి. అందాజుగా ఒక తేదీ వేస్తే పది సైట్లు దాన్ని ఎత్తుకుపోతాయి. తర్వాత మీకే అనుమానం వచ్చి వెతికితే ఆ పది సైట్లే సాక్ష్యంగా ఎదురొస్తాయి.