పెద్ద టెక్ కంపెనీ ఇంటర్వ్యూ ఎక్కడ పోయింది? సమస్యలు - పరిష్కారాలు

గూగుల్, అమెజాన్ లాంటి చోట ఇంటర్వ్యూ చేసినవాళ్లు అక్కడికక్కడే మిమ్మల్ని తీసుకోవడమో వద్దనడమో ఉండదు. వాళ్లు ఫీడ్‌బ్యాక్ రాస్తారు, దాన్ని ఇంకొందరు చదువుతారు. గూగుల్‌లో అయితే మీ ముఖం కూడా చూడని హైరింగ్ కమిటీ చదువుతుంది. కింది సమస్యల్లో చాలావాటికి మూలం ఇదే: విషయం మీకు తెలుసు, కానీ వాళ్లు రాయడానికి మీ దగ్గర్నుంచి ఏమీ దొరకలేదు.

సమస్య: కోడ్ కరెక్టే, అయినా రిజెక్ట్

కారణం: ప్రశ్న వినగానే తల వంచుకుని టైప్ చేసేయడం. కాలేజీ ల్యాబ్‌లో అవుట్‌పుట్ వస్తే చాలు, మార్కులు పడేవి. ఇక్కడ అలా కుదరదు.

పరిష్కారం: ఒక అర్రేలో (సంఖ్యల వరుసలో) కూడితే K వచ్చే రెండు సంఖ్యలు ఉన్నాయా అని అడిగారనుకోండి. ముందు మీరే అడగండి: నెగెటివ్ సంఖ్యలు ఉంటాయా, ఒకే సంఖ్య రెండుసార్లు రావచ్చా, సార్ట్ అయి ఉందా, సైజు ఎంత. లక్ష అన్నారంటే, రెండు లూపులతో దాదాపు 500 కోట్ల జతలు చూడాల్సి వస్తుందని, అందుకే హ్యాష్ సెట్ (ఒక సంఖ్య ఇదివరకు వచ్చిందా లేదా అని చటుక్కున చెప్పే అమరిక) వాడుతున్నానని నోటితో చెప్పి, అప్పుడు రాయడం మొదలుపెట్టండి. రాశాక 5, 3 అనే బుల్లి అర్రే తీసుకుని K = 10 పెట్టి చేత్తో నడిపించండి. సంఖ్యను ముందు సెట్‌లో వేసి తర్వాత వెతికితే 5 తనకు తానే జత అయిపోతుంది, తప్పు జవాబు వస్తుంది. వెతికాకే వేయాలి. ఆ తప్పు వాళ్లు ఎత్తిచూపకముందే మీరు పట్టుకుంటే, ఫీడ్‌బ్యాక్‌లో మీకు అనుకూలంగా ఒక వాక్యం పడినట్టే.

సమస్య: లీట్‌కోడ్‌లో (కోడింగ్ ప్రాక్టీస్ సైట్) వస్తుంది, ఇంటర్వ్యూలో చేతులాడవు

కారణం రన్ బటన్. అది నొక్కి నొక్కి సరిచేసుకునే అలవాటున్నవాళ్లకు, కోడ్ రన్ అవ్వని ఎడిటర్ ముందు కూర్చోబెడితే టెన్షన్ రాక ఏమవుతుంది? నోట్‌ప్యాడ్‌లో, టైమర్ పెట్టుకుని, పైకి మాట్లాడుతూ ప్రాక్టీస్ చేయండి. ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. అన్నట్టు, పజిల్ పుస్తకాలు కొనకండి. అలాంటి ప్రశ్నలు శుద్ధ టైమ్ వేస్ట్ అని అప్పటి గూగుల్ హెచ్‌ఆర్ అధిపతి లాస్లో బాక్ 2013లోనే తేల్చేశారు.

సమస్య: అమెజాన్‌లో కోడింగ్ బాగా చేసినా కాదన్నారు

కారణం: లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్‌ని, అంటే ఉద్యోగులు ఎలా పనిచేయాలో అమెజాన్ రాసిపెట్టుకున్న సూత్రాలని, హెచ్‌ఆర్ రౌండ్ కబుర్లు అనుకోవడం. 2021 నుంచి అవి 16. ప్రతి రౌండ్‌లోనూ వాటి మీద ప్రశ్నలుంటాయి, పైగా ప్రమాణం తగ్గకుండా చూడటానికి వేరే టీమ్ నుంచి వచ్చే ఇంటర్వ్యూయర్, అంటే బార్ రైజర్, ఒప్పుకోకపోతే ఆఫర్ రావడం కష్టం.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది వినయం దగ్గర. "పేమెంట్ సర్వీస్ పడిపోతే టీమంతా కూర్చుని సరిచేశాం" అంటారు. బానే ఉంది, మరి మీరేం చేశారు? "డేటాబేస్ కనెక్షన్లు వదలట్లేదని లాగ్స్‌లో నేను పట్టుకున్నాను, రోల్‌బ్యాక్ చేసి పాత వెర్షన్‌కి వెళ్దామన్నాను, మేనేజర్ వద్దన్నారు, ఫలానా గ్రాఫ్ చూపించి ఒప్పించాను" అని చెప్పండి. ఇలాంటివి ఓ ఆరేడు ముందే రాసుకోండి, బెడిసికొట్టినవి కూడా.

సమస్య: అన్ని రౌండ్లూ అయ్యాయి, చడీచప్పుడూ లేదు

గూగుల్‌లో అయితే టీమ్ మ్యాచ్ దగ్గర, అంటే మిమ్మల్ని తీసుకునే టీమ్ కుదిరే దశలో, ఆగి ఉండొచ్చు. రిక్రూటర్‌కి వారానికో మెయిల్ చాలు. ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా పేపర్ పెట్టకండి, 90 రోజుల నోటీసు ఉంటే మాత్రం మొదటి కాల్‌లోనే చెప్పేయండి.

సమస్య: ప్యాకేజీ ఘనంగా ఉంది, చేతికొచ్చేది తక్కువ

అందులో షేర్ల వాటా ఉంటుంది, అది ఏళ్ల మీద విడతలుగా వస్తుంది. అమెజాన్‌లో చాలాకాలంగా ఉన్న లెక్క నాలుగేళ్లకు వరుసగా 5, 15, 40, 40 శాతం. వచ్చిన షేర్ల విలువను మన దేశంలో జీతం కిందే లెక్కేసి పన్ను కోస్తారు. ఇంటి ఈఎంఐని బేసిక్ జీతం చూసుకుని పెట్టుకోండి.

సమస్య: చేరాక రాత్రింబవళ్లు చేసినా ప్రమోషన్ లేదు

ఇక్కడా కథ అదే, చాలాసార్లు మీతో కలిసి పనిచేయనివాళ్లు కూడా కాగితం చూసి తేలుస్తారు. ప్రతి శుక్రవారం ఒక ఫైల్‌లో నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి: ఏ బగ్ మూసేశారు, ఎవరి డిజైన్ డాక్‌లో మీ కామెంట్ వల్ల ప్లాన్ మారింది, ఎంత ఖర్చు తగ్గింది, లింకులతో సహా. రివ్యూ సీజన్‌లో మేనేజర్ అడగకముందే పంపించేయండి.