కవరు లేని సంచి – మూడో పాఠం: తడి సరుకు

పోయిన పాఠంలో చెప్పినట్టు ఇంటికొచ్చిన కవర్లు పారెయ్యకుండా దాచినవాళ్ళ దగ్గర ఈపాటికి వారం రోజుల కవర్లతో ఒక గోతం నిండి ఉండాలి. దాన్ని నేలమీద గుమ్మరించండి. పొడి సరుకు కవర్లు ఒక పక్కకు, తడి సరుకువి ఇంకో పక్కకు వేరు చెయ్యండి. చేపలు, చికెను, దోసె పిండి, కర్రీ పాయింటు కూరలు, సాంబారు, చట్నీ అన్నీ తడి సరుకే. ఆదివారం చేపలు తెచ్చుకునే ఇళ్ళలో ఈ కుప్ప తక్కువేమీ ఉండదు. గుడ్డ సంచి దీన్ని తగ్గించలేదు. చేపల్ని గుడ్డ సంచిలో వేసుకుని ఎవరొస్తారు? అందుకే ఈ పాఠమంతా మూతగిన్నె గురించే.

పనికి ముందు, తొందర ఎందుకో చెప్తాను. నెల్లూరు, ప్రకాశం వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. వేసవంతా సైడు కాలవల్లో ఇరుక్కుని ఉన్న కవర్లు ఆ వానలకే కదుల్తాయి. వాగుల్లోకి, పెన్నలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి. వరద తీసింతర్వాత పెన్న గట్టున కంపచెట్లకు వేలాడేవి మాత్రమే మన కంటికి కనబడతాయి. ఆ వెంటనే, జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. అంటే మన కవర్లు ముందు పోయి కూర్చుంటాయి, తాబేళ్ళు వెనక వస్తాయి.

నీళ్ళలో తేలే పల్చటి కవరు తాబేలుకు జెల్లీ చేపలా కనబడుతుంది. సముద్రపు తాబేలు గొంతు లోపల ముళ్ళలాంటివి వరసగా ఉంటాయి, కొనలన్నీ కడుపు వైపు తిరిగి. తిండితో పాటు మింగిన ఉప్పునీళ్ళు బయటికి పోయి, తిండి లోపలే నిలవడానికి ఆ ఏర్పాటు. పొరపాటున కవరు మింగితే మాత్రం అవే ముళ్ళు దాన్ని వెనక్కి రానివ్వవు.

ఇక బజారు. తూచే మనిషి చేపను ఒక కవర్లో వేస్తుంది. కత్తిపీట దగ్గర కోసే మనిషి ముక్కల్ని ఇంకో కవర్లో వేస్తాడు. నీళ్ళు కారతాయని పైన చేతులున్న కవరు మరొకటి. కిలో వంజరానికి మూడు కవర్లు. నీచు పట్టిన కవర్లను పాత సామాన్లవాడు కూడా తీసుకోడు.

ఇంట్లో స్టీలు గిన్నెల్లో వెడల్పు మూతి, బిగుతు మూత ఉన్నది ఒకటి తియ్యండి. కిలో చేపకు రెండు లీటర్లది చాలు. తల కూడా తెచ్చుకునేవాళ్ళు ఇంకొంచెం పెద్దది చూసుకోండి (తల లేకుండా పులుసేంది అనేవాళ్ళమే కదా అందరం). ప్లాస్టిక్ డబ్బా వద్దు, నీచు వాసన దాన్ని ఒక పట్టాన వదలదు.

కిటుకంతా గిన్నె ఎప్పుడు ఇస్తామన్న దాంట్లోనే ఉంది. చేప కాటా ఎక్కకముందే అది తూచే ఆమె చేతికి పోవాలి. కవరు విదిలించి చేప వేసింతర్వాత వద్దన్నా లాభం లేదు, తడిసిన కవరు ఎటూ చెత్తలోకే. మాట ఇంతే చాలు:

“అక్కా, కవరు తియ్యబాక. ఈ గిన్నెలో వెయ్యి.”

“గిన్నె బరువెవరు తీసేదమ్మా?”

“ముందు వట్టి గిన్నె పెట్టి సున్నా కొట్టక్కా.”

ఎలక్ట్రానిక్ కాటాకు ‘టేర్’ అనే బటన్ ఉంటుంది. మూత తీసి వట్టి గిన్నె పెట్టి అది నొక్కితే అంకె సున్నాకు వస్తుంది. ఆ తర్వాత పడిందంతా చేప బరువే. గిన్నె దించినప్పుడు మైనస్ గుర్తుతో అంకె కనబడితే కంగారు పడకండి, అది గిన్నె బరువు. చేతి తక్కెడైతే రాళ్ళ వైపు పాసంగం, అంటే గిన్నెకు సరితూగే బరువు, కట్టమనాలి. రద్దీలో అది కుదరకపోతే చేపను మామూలుగా తూయించి నేరుగా గిన్నెలోకి జార్పించుకోండి. కోసేచోట గిన్నెను కత్తిపీట పక్కనే పెట్టి “ముక్కలు దీంట్లోకే అన్నా” అనండి. మొదటిసారి ఆదివారం పొద్దున పోవద్దు. జనం మీద పడుతున్నప్పుడు కొత్త పద్ధతి వినే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇంటికొచ్చాక గిన్నెను పులుసుకు పిసికిన చింతపండు పిప్పితో రుద్ది కడగండి. చేప నీచుకు పులుపే విరుగుడు, సబ్బు ఒక్కటే చాలదు.

టిఫిను బండి దగ్గర చిక్కు వేరు. అక్కడ చట్నీ, సాంబారు పొద్దున్నే కవర్లలో కట్టి వరసగా పెట్టేస్తారు. గిన్నె చూపిస్తే కట్టిన కవరే విప్పి దాంట్లో పోసే పెద్దమనుషులూ ఉన్నారు! “కట్టినవి వద్దన్నా, బకెట్లోది పొయ్యి” అని ఇడ్లీలు చెప్పేటప్పుడే చెప్పాలి. కాగే సాంబారు పల్చటి కవర్లో పోయించుకోవడం మన ఒంటికీ మంచిది కాదు.

ఒక మాట, పోయిన పాఠానికి మిగులు. బట్టల షాపులో ఇచ్చే రంగురంగుల సంచిని గుడ్డ అనుకుని దాచిపెట్టిన వాళ్ళు దాన్ని వెలుతురుకు పట్టి చూడండి. పడుగు, పేక కనబడకుండా చిన్నచిన్న చుక్కల అచ్చు ఉంటే అది ప్లాస్టిక్కే. ఒక పీలిక కత్తిరించి అగ్గిపుల్లతో అంటిస్తే నూలు బూడిదవుతుంది, ఇది కరిగి గట్టి ఉండ కడుతుంది. ఉన్నదాన్ని చిరిగేదాకా వాడుకోండి, కొత్తది తీసుకోవద్దు. “ఇది బ్యాన్ కాని కవరు” అనే మాటా వింటూ ఉంటారు. 2022 డిసెంబరు 31 నుంచి చేతి కవరు మందం 120 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గకూడదని రూలు. మందం పెరిగితే ఏరడానికి, మళ్ళీ వాడటానికి వీలవుతుంది, అంతే. కాలవలో పడేస్తే అదీ సముద్రానికే పోతుంది.

పాల ప్యాకెట్టు మానమని నేను చెప్పను. మూల మాత్రం పూర్తిగా కత్తిరించొద్దు, తునక ప్యాకెట్టుకే అంటుకుని ఉండేటట్టు సగం కోసి వంచండి. ఖాళీ ప్యాకెట్టు కడిగి ఆరేస్తే పాత సామాన్లకు పోతుంది. తెగిపడిన గోరంత ముక్కను మాత్రం ఎవరూ ఏరరు, అంట్ల నీళ్ళతో కాలవలోకే.

ఈ వారం చేపలు, టిఫిను వరకే చెయ్యండి. కొత్తపట్నంలోనో మైపాడులోనో ఒడ్డు మీదే కొనేవాళ్ళు గిన్నెతో పాటు మూత కదలకుండా కట్టడానికి ఒక పాత తువ్వాలు పట్టుకుపోండి, బండి మీద దారంతా కుదుపులే. పిండి, కూరలు ఆపై వారం. నాలుగో పాఠం పెళ్ళి భోజనాల మీద. దానికి ముందు మీ ఊళ్ళో అడ్డాకు విస్తళ్ళు ఎక్కడ దొరుకుతాయో, వందకు ఎంతో అడిగి రాసిపెట్టుకోండి.