ఊరి పంటతోనే ఏడాది గడపాలంటే

తినేదంతా ఎంత దూరంలోపు పండినదై ఉండాలో మొదట హద్దు గీసుకోవాలి. జహీరాబాద్‌లో ఉండే మా నలుగురి కుటుంబం 50 కిలోమీటర్లను హద్దుగా పెట్టుకొని, సముద్రతీరం నుంచి రాక తప్పని ఉప్పును మాత్రం మినహాయించింది.

అన్నిటికంటే ముఖ్యమైనది గింజల నిల్వ. కందులు సంక్రాంతి రోజుల్లోను, యాసంగి జొన్నలు శివరాత్రి ప్రాంతంలోను కళ్లాలకు చేరతాయి కనుక, అప్పుడే రైతు దగ్గర ఏడాదికి సరిపడా కొని, రెండు మూడు రోజులు గట్టి ఎండలో ఆరబెట్టి, పూర్తిగా చల్లారిన తరువాతనే ఎండు వేపాకు కలిపి డబ్బాలకు మూత బిగించాలి. వేడి మీద పోస్తే లోపల చెమ్మ పట్టి గింజ చెడుతుంది. ఆ తొందరపాటు వల్లనే మొదటి ఏడు మేము అర బస్తా జొన్నలు పోగొట్టుకున్నాము, ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

జొన్నపిండిని మరిగే నీళ్లతో కలిపి బాగా మర్దిస్తేనే రొట్టె విరగకుండా వస్తుంది. నూనెకు కుసుమలు, నువ్వులు గానుగలో ఆడించుకోవచ్చు. టీ స్థానంలో ఇక్కడి అల్లంతో కాచిన ధనియాల కషాయం మా పెద్దవారికి త్వరగానే అలవాటైంది.

నిజమైన కష్టం ఏప్రిల్, మే నెలల కూరగాయలది. చలికాలంలో టమాటాలు, వంకాయలు చవకగా ఉన్నప్పుడే కోసి ఒరుగులు పెట్టుకుంటే, పప్పుతో కలిపి ఆ రెండు నెలలూ వండుకోవచ్చు.